పాత జీపు వైరింగ్ మార్చుకోవడం ఎలా: లైట్లతో కాదు, ఎర్త్‌తో మొదలుపెట్టండి

పాత జీపు కొన్నవాళ్లు, ఇంట్లో మూలన పడి ఉన్న జీపును మళ్లీ రోడ్డెక్కించాలనుకునేవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. కొత్త బల్బులు వేసినా హెడ్‌లైట్లు మసకగానే ఎందుకున్నాయి? బ్యాటరీ మార్చినా పొద్దున్నే సెల్ఫ్ ఎందుకు బరువుగా తిరుగుతోంది? హారన్ కొడితే మీటర్ల ముల్లులు ఎందుకు ఊగుతున్నాయి? మొత్తం వైరింగ్ పీకి కొత్తది వేయాలా, కొంత మారిస్తే సరిపోతుందా?

చాలా బండ్లలో తప్పు బ్యాటరీది కాదు, బల్బుదీ కాదు. రెండింటి మధ్య ఉన్న వైరుది, జాయింట్లది, ముఖ్యంగా ఎర్త్‌ది, అంటే కరెంటు బ్యాటరీ నెగెటివ్‌కు తిరిగి వెళ్లే బాడీ, ఇంజిన్ కనెక్షన్‌ది. బాడీకి కొత్త పెయింటు, కిందికి పెద్ద టైర్లు, బంపర్ మీద ఎల్‌ఈడీ బార్. డ్యాష్‌బోర్డు వెనక చెయ్యి పెడితే మాత్రం పైన పటారం, లోన లొటారం. టేపు విప్పితే జిగురు వేలికి అంటుకుంటుంది. దాని కింద ముగ్గురు మెకానిక్‌లు మూడు రంగుల వైర్లతో వేసిన ముళ్లు కనిపిస్తాయి. ఒక్క ముడి విప్పి చూడండి, రాగి పోగులు పచ్చబడి, కొన్ని నల్లబడి పొడిపొడిగా రాలతాయి. కరెంటు అక్కడే ఆగిపోతోంది.

అందుకే పని ఈ వరసలో చేయమంటాను: ముందు ఎర్త్, తర్వాత సెల్ఫ్, చార్జింగ్ మెయిన్ లైన్లు, తర్వాత ఫ్యూజ్ బాక్సు, హెడ్‌లైట్ రిలేలు (స్విచ్ నుంచి వచ్చే కొద్ది కరెంటుతో పెద్ద కరెంటును కలిపే డబ్బాలు), మిగతావి. అదనపు లైట్లు అన్నిటికన్నా చివర. మొదటి రెండూ చేసి ఆపేసినా సెల్ఫ్ ఫిర్యాదు చాలావరకు పోతుంది.

మీ బండికి ఇది పనికొస్తుందా?

ఇక్కడ చెప్పేది 12 వోల్టుల, నెగెటివ్ ఎర్త్ ఉన్న డీజిల్ జీపులకు: మహీంద్రా ఎంఎం 540, 550, సీజే రకాలు, క్లాసిక్ లాంటివి. కార్బురేటర్ ఉన్న మారుతి జిప్సీకి కూడా చాలావరకు పనికొస్తుంది. ఎంపీఎఫ్‌ఐ (కంప్యూటర్ పెట్రోలు చిమ్మించే రకం) జిప్సీ అయితే ఇంజిన్ కంప్యూటర్‌కు వెళ్లే వైర్ల జోలికి వెళ్లకండి. లైట్లు, హారన్, ఎర్త్ వరకే మార్చుకోండి.

మిలిటరీ వేలంలో వచ్చిన బండ్లలో రెండు బ్యాటరీలు సిరీస్‌లో కలిపి 24 వోల్టులు ఉండొచ్చు. మరీ పాత విల్లీస్ అయితే 6 వోల్టులు ఉండొచ్చు. కొన్ని పాత బండ్లలో బాడీకి కట్టింది పాజిటివ్. బానెట్ ఎత్తి ఏ టెర్మినల్ బాడీకి వెళ్తోందో మీటర్‌తో చూసుకున్నాకే మొదలుపెట్టండి.

ఏమేం కావాలి

వైరు దగ్గర పిసినారితనం వద్దు. ఈ సైజులు రాసి పెట్టుకోండి:

- సెల్ఫ్‌కు, బ్యాటరీ ఎర్త్‌కు: 35 స్క్వేర్ ఎంఎం కేబుల్. డీజిల్ ఇంజిన్‌కు ఇంతకన్నా తగ్గొద్దు. 50 దొరికితే ఇంకా మంచిది.
- ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి: 10 స్క్వేర్ ఎంఎం.
- ఫ్యూజ్ బాక్సుకు మెయిన్ ఫీడ్: 6 స్క్వేర్ ఎంఎం.
- హెడ్‌లైట్లు, హారన్: 2.5. వైపర్, చార్జింగ్ సాకెట్: 1.5. ఇండికేటర్, పార్కింగ్, బ్రేక్ లైట్, మీటర్లు: 1.

తీసుకునేది ఆటో వైరే కావాలి. ఇళ్ల వైరింగ్‌కు వాడే వైరు తొడుగు డీజిల్‌నీ, ఇంజిన్ వేడినీ, రోజంతా అదిరే అదురునీ తట్టుకోవడానికి చేసింది కాదు. ఇంకో మోసం కూడా చూసుకోండి. అల్యూమినియం మీద రాగి పూత పూసిన వైరు, అసలు రాగి వైరు పైకి ఒకేలా ఉంటాయి. ఒక పోగును బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా మెరిస్తే ఆ చుట్ట అక్కడే వదిలేయండి. కేబుల్ పొడవు ఎక్కువైనా మరీ తేలిగ్గా అనిపిస్తే అనుమానించండి.

మిగతా సామాను: పది పన్నెండు ఫ్యూజులు పట్టే బ్లేడ్ ఫ్యూజ్ బాక్సు, మూత ఉన్నది. 40 ఆంపియర్ల రిలేలు నాలుగు, వాటికి వైరు తోకలున్న సాకెట్లు. ఒక 40, ఒక 60 ఆంపియర్ల పెద్ద ఫ్యూజులు, హోల్డర్లతో సహా. రాగి లగ్గులు (లావు కేబుల్ చివర బిగించే, బోల్టు రంధ్రమున్న ముక్కలు), తొడుగున్న స్పేడ్ టెర్మినళ్లు, లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి తగిలితే ముడుచుకుని బిగిసే గొట్టం), ముడతల ప్లాస్టిక్ పైపు, రబ్బరు గ్రోమెట్లు (రేకు రంధ్రంలో వైరు కోసుకుపోకుండా పెట్టే రింగులు), నైలాన్ టైలు. బ్యాటరీ కట్‌ఆఫ్ స్విచ్ ఒకటి.

పనిముట్లలో మల్టీమీటర్ లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. ఒక టెస్ట్ ల్యాంప్, రాచెట్ క్రింపింగ్ టూల్ (టెర్మినల్‌ను వైరు మీద నొక్కి బిగించేది), వైర్ స్ట్రిప్పర్, హీట్ గన్, వైర్ బ్రష్, ఎమెరీ పేపరు కూడా కావాలి. పక్కన పొడి రకం ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉండాలి. నీళ్ల బకెట్టు దాని బదులు కాదు.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఫ్యూజ్ బాక్సులు, రిలేలు, ఆటో వైరు, లగ్గులు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో తిరిగితే దొరుకుతాయి. మల్టీమీటర్, హీట్ ష్రింక్, క్రింపింగ్ టూల్ లాంటివి కోఠి గుజరాతీ గల్లీలో చూడండి. 35 స్క్వేర్ ఎంఎం కేబుల్‌కు లగ్గులు మాత్రం కొన్న దుకాణంలోనే హైడ్రాలిక్ ప్రెస్‌తో నొక్కించుకోండి. సుత్తితో కొట్టి బిగించిన లగ్గు ఆరు నెలలకు వదులవుతుంది. దానికోసం ఇంటి దగ్గరే కేబుల్ ఎంత పొడవు కావాలో తాడుతో కొలుచుకుని, ఒక జానెడు కలిపి తీసుకెళ్లండి.

అంచెలంచెలుగా

1. విప్పకముందే కొలవండి, ఫొటోలు తీయండి. ఇంజిన్ ఆఫ్‌లో, రాత్రంతా ఆగిన తర్వాత బ్యాటరీ వోల్టేజీ ఎంతుందో రాసుకోండి. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 దగ్గర ఉంటుంది. ఇంజిన్ కాస్త రేజ్ చేసి మళ్లీ చూడండి, 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. హెడ్‌లైట్ వేసి, బల్బు వెనక పిన్నుల దగ్గర ఎంత వస్తోందో చూడండి. పాత జీపుల్లో ఇది బ్యాటరీ దగ్గరకన్నా ఒకటిన్నర, రెండు వోల్టులు తక్కువ ఉండటం కొత్తేమీ కాదు. హాలోజన్ బల్బుకు వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు దాదాపు మూడో వంతు పోతుంది. కొత్త బల్బు వేసినా రోడ్డు కనిపించకపోవడానికి కారణం ఇదే.

ప్రతి కనెక్షన్‌కూ ఫొటో తీయండి. ప్రతి వైరుకూ మాస్కింగ్ టేపు ముక్క చుట్టి మీద పేరు రాయండి. రంగులను నమ్ముకోవద్దు. ఇన్నేళ్లలో ఎవరో ఒకరు ఎర్ర వైరు అయిపోయి నల్ల వైరుతో పాజిటివ్ వేసి ఉంటారు.

2. బ్యాటరీ విప్పండి, ముందు నెగెటివ్. పాజిటివ్ నట్టు ముందు విప్పితే స్పానర్ బాడీకి తగిలిందంటే షార్టే. బిగించేటప్పుడు నెగెటివ్ చివర. ఉంగరం, కడియం, వాచీ తీసి పక్కన పెట్టండి.

3. ఎర్త్‌లు. ఇక్కడ తొందరపడొద్దు. చాలామంది బ్యాటరీ నుంచి బాడీకి ఒక ఎర్త్ వేసి వదిలేస్తారు. జీపులో ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది, బాడీ కూడా ఛాసిస్ మీద రబ్బరు ప్యాడ్ల మీదే ఉంటుంది. అంటే ఈ మూడూ ఒకదానికొకటి సరిగా తగలవు. కాబట్టి మూడు పట్టీలు కావాలి:

బ్యాటరీ నెగెటివ్ నుంచి నేరుగా ఇంజిన్ బ్లాక్‌కు, వీలైతే సెల్ఫ్ మోటార్ బోల్టుకు, 35 స్క్వేర్ ఎంఎం కేబుల్.
ఇంజిన్ నుంచి ఛాసిస్‌కు 16 లేదా 25.
ఛాసిస్ నుంచి బాడీకి, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ డ్యాష్‌బోర్డుకూ మధ్య ఉండే రేకు) దగ్గర, 10 లేదా 16.

పట్టీ బిగించే చోట పెయింటు, తుప్పు పోయి ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకండి. నక్షత్రం వాషరు వేసి బిగించండి. బిగించాక పైన పెట్రోలియం జెల్లీ గానీ గ్రీజు గానీ పూయండి. ముందే పూసి బిగించొద్దు. ముందు లోహం, లోహం తగలాలి, తర్వాతే తేమ రాకుండా పూత.

ఇంజిన్ ఎర్త్ చెడిపోయిందనడానికి ఒక గుర్తుంది. సెల్ఫ్ కొట్టిన వెంటనే యాక్సిలరేటర్ కేబుల్ పట్టుకుంటే వేడిగా తగులుతుంది. సెల్ఫ్‌కు వెళ్లిన కరెంటు తిరిగి రావడానికి వేరే దారి లేక ఆ సన్నని కేబుల్ గుండా వస్తోందన్నమాట. అలా ఉంటే ఎర్త్ వేసేదాకా మళ్లీ సెల్ఫ్ కొట్టకండి.

హెడ్‌లైట్లకు, వెనక లైట్లకు బాడీ ఎర్త్‌ను నమ్ముకోకుండా విడిగా నల్ల వైరు వేసి ఒకచోటికి తెచ్చి కలపండి. ఫైబర్ బాడీ భాగాలు, కొత్తగా పెయింటు వేసిన మడ్‌గార్డులు ఉన్న బండ్లకు ఇది తప్పనిసరి. ఒక ఇండికేటర్ వేస్తే రెండోవైపు పార్కింగ్ లైటు మినుకు మినుకుమంటోందంటే అది ఎర్త్ సమస్యే. ఫ్లాషర్ (ఇండికేటర్లను ఆర్పి వెలిగించే డబ్బా) మార్చి డబ్బులు పోగొట్టుకోకండి.

4. సెల్ఫ్ కేబుల్, ఆల్టర్నేటర్ లైను, అమ్మీటర్. బ్యాటరీ పాజిటివ్ నుంచి సెల్ఫ్‌కు కొత్త కేబుల్ లాగండి. దీనికి సాధారణంగా ఫ్యూజు ఉండదు. కాబట్టి ఎక్కడా పదునైన అంచుకు రాసుకోకూడదు, మొత్తం పైపులో ఉండాలి. సైలెన్సర్ పైపుకు కనీసం జానెడు దూరంగా పోనివ్వండి.

పాత జీపుల డ్యాష్‌బోర్డు మీద అమ్మీటర్ (ఎంత కరెంటు పోతోందో చూపే మీటర్) ఉంటుంది. బండి వాడే కరెంటంతా, సెల్ఫ్ తప్ప, బానెట్ కింది నుంచి డ్యాష్‌బోర్డుకు వచ్చి ఆ చిన్న మీటర్ గుండా వెనక్కి వెళ్తుంది. ఆ రెండు లావు వైర్లకూ చాలా బండ్లలో ఫ్యూజు ఉండదు. అమ్మీటర్ వెనక నట్టు ఒకటి వదులై వేడెక్కిందంటే పొగ వచ్చేది మీ మోకాళ్ల మీదికే. నా సలహా సూటిగా చెబుతాను: అమ్మీటర్‌ను సర్క్యూట్ నుంచి తీసేయండి, దాని బదులు వోల్ట్‌మీటర్ పెట్టుకోండి. డ్యాష్‌బోర్డు పాత రూపం పోకూడదనుకుంటే అమ్మీటర్‌ను దాని చోటనే ఉంచి, వైర్లు మాత్రం కలపకుండా వదిలేయండి.

ఆల్టర్నేటర్ లావు టెర్మినల్ నుంచి కొత్త 10 స్క్వేర్ ఎంఎం వైరు 60 ఆంపియర్ల ఫ్యూజు ద్వారా నేరుగా బ్యాటరీ పాజిటివ్‌కు. ఈ ఫ్యూజు బ్యాటరీ వైపు చివర ఉండాలి. ఇది 45 ఆంపియర్ల వరకు ఉన్న పాత ఆల్టర్నేటర్‌కు సరిపోతుంది. మీరు పెద్దది బిగించుకుని ఉంటే వైరు 16కు, ఫ్యూజు దానికి తగ్గట్టు పెంచండి. అమ్మీటర్ దాకా వెళ్లే పాత వైరు రెండు చివర్లా విప్పేయాలి. ఒక చివర బ్యాటరీకి తగిలి ఉంటే ఫ్యూజు లేని మంట అక్కడ అలాగే ఉన్నట్టే.

చార్జింగ్ ల్యాంప్‌ను మాత్రం తీసేయకండి. చాలా పాత ఆల్టర్నేటర్లలో చార్జింగ్ మొదలవడానికి కావాల్సిన కొద్దిపాటి కరెంటు ఆ ఎర్ర బల్బు ద్వారానే వెళ్తుంది. బల్బు కాలిపోయినా, దాని చోట చిన్న ఎల్‌ఈడీ పెట్టినా, ఇంజిన్‌ను బాగా రేజ్ చేసేదాకా చార్జింగ్ రాకపోవచ్చు. తాళం తిప్పగానే బల్బు వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి.

కట్‌ఆఫ్ స్విచ్‌ను బ్యాటరీ నెగెటివ్ మీద వేసుకోండి. రోజుల తరబడి బండి తీయనివాళ్లకు, సెల్లార్‌లో ఎలుకల బెడద ఉన్నవాళ్లకు ఇది తప్పక ఉండాలి. కానీ ఇంజిన్ తిరుగుతుండగా దాన్ని ఎప్పుడూ ఆపొద్దు. డీజిల్ ఇంజిన్ స్టాప్ కేబుల్ లాగితేనే ఆగుతుంది, కట్‌ఆఫ్‌తో ఆగదు. బ్యాటరీ ఒక్కసారిగా తెగిపోతే ఆల్టర్నేటర్ వోల్టేజీ ఎగిరి రెగ్యులేటర్, డయోడ్లు పోతాయి.

5. ఫ్యూజ్ బాక్సు. బ్యాటరీ పాజిటివ్ నుంచి 6 స్క్వేర్ ఎంఎం వైరు, బ్యాటరీకి జానెడు దూరంలోనే 40 ఆంపియర్ల ఫ్యూజు, అక్కడి నుంచి బాక్సుకు. ఫ్యూజు ఉండేది బల్బును కాపాడటానికి కాదు, వైరును కాపాడటానికి. అందుకే అది వైరు మొదట్లో ఉండాలి. వైరు చివర, బల్బు దగ్గర పెట్టిన ఫ్యూజు మధ్యలో జరిగే షార్ట్‌ను ఆపలేదు.

బాక్సును రెండు గుంపులు చేయండి. ఎప్పుడూ కరెంటు ఉండాల్సినవి ఒకవైపు: హెడ్‌లైట్లు (6వ అంచెలో చెప్పే రిలేల ద్వారా), పార్కింగ్, హారన్, బ్రేక్ లైట్లు. తాళం తిప్పితేనే పనిచేయాల్సినవి మరోవైపు: వైపర్, ఇండికేటర్లు, మీటర్లు, చార్జింగ్ ల్యాంప్. ఈ రెండో గుంపుకు తాళం నుంచి నేరుగా కరెంటు ఇవ్వకుండా రిలే ద్వారా ఇవ్వండి. పాత ఇగ్నిషన్ స్విచ్ మీద భారం తగ్గుతుంది.

హెడ్‌లైట్లకు ఎడమ, కుడి, డిమ్, బ్రైట్ నాలుగింటికీ విడివిడిగా 10. పార్కింగ్‌కు 7.5, హారన్‌కు 15, వైపర్‌కు 15, ఇండికేటర్లకు 10, బ్రేక్ లైట్లకు 10, మీటర్లకు 5. బ్లేడ్ ఫ్యూజుల రంగులు గుర్తుంచుకుంటే రాత్రిపూట సులువు: గోధుమ రంగు 7.5, ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. హెడ్‌లైట్లకు నాలుగు ఫ్యూజులు దండగ అనుకోవద్దు. ఒకే ఫ్యూజు పెడితే అది పోయిన క్షణాన రెండు లైట్లూ ఒకేసారి ఆరిపోతాయి. అనంతగిరి ఘాట్ మలుపులో అలా జరిగితే ఏమవుతుందో ఊహించుకోండి.

6. హెడ్‌లైట్ రిలేలు. 60/55 వాట్ల బల్బులు రెండు బ్రైట్‌లో పెడితే 120 వాట్లు, అంటే 12 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లు. పాత పద్ధతిలో ఈ 10 ఆంపియర్లూ డ్యాష్‌బోర్డు స్విచ్‌లోకి వెళ్లి, అక్కడి నుంచి డిప్పర్ స్విచ్‌కు దిగి, మళ్లీ ముందుకు వెళ్తాయి. రిలే వేస్తే స్విచ్ గుండా వెళ్లేది ఆంపియర్‌లో అయిదో వంతు కూడా ఉండదు. అసలు కరెంటు బ్యాటరీ నుంచి దగ్గరి దారిలో లైటుకు పోతుంది.

రెండు రిలేలు కావాలి, డిమ్‌కు ఒకటి, బ్రైట్‌కు ఒకటి. కనెక్షన్ ఇలా:

- 86: పాత హెడ్‌లైట్ వైరు. డిమ్ వైరు డిమ్ రిలేకు, బ్రైట్ వైరు బ్రైట్ రిలేకు.
- 85: ఎర్త్.
- 30: బ్యాటరీ నుంచి వచ్చే సప్లై, ఫ్యూజు దాటిన తర్వాత.
- 87: అక్కడి నుంచి ఎడమ, కుడి ఫ్యూజులకు, ఆపైన బల్బులకు.

అయిదు పిన్నుల రిలే ఇస్తే మధ్యలో 87ఎ అని ఉంటుంది. దానికి ఏదీ కలపొద్దు. స్విచ్ ఆఫ్‌లో ఉన్నప్పుడు కరెంటు వచ్చే పిన్ను అది. లైటు దానికి కలిపితే స్విచ్ వేస్తే ఆరిపోయి, ఆపితే వెలుగుతుంది. రిలే లోపల డయోడ్ ఉన్న రకమైతే 85, 86 తారుమారు చేయకూడదు. రిలే మీద బొమ్మ ఉంటుంది, చూడండి.

జిప్సీ వాళ్లకు ఒక హెచ్చరిక. కొన్ని సుజుకి బండ్లలో హెడ్‌లైట్ స్విచ్ పాజిటివ్‌ను కాక ఎర్త్‌ను కలుపుతుంది. బల్బు దగ్గర లైటు ఆపి ఉన్నప్పుడు కూడా 12 వోల్టులు కనిపిస్తే మీది ఆ రకం. అప్పుడు 86కు పాజిటివ్ ఇచ్చి, స్విచ్ వైరును 85కు కలపాలి.

రిలేలను పిన్నులు కిందికి ఉండేలా బిగించండి. అలా బిగిస్తే నీళ్లు లోపల నిలబడవు. వానాకాలం నగరంలో రోడ్ల మీద నీళ్లు బంపర్ దాకా వస్తాయి, ఇక వాగులో దిగేవాళ్లకు చెప్పక్కర్లేదు. ఫైర్‌వాల్ మీద ఎంత ఎత్తులో చోటుంటే అంత ఎత్తులో పెట్టండి.

100/90 వాట్ల బల్బులు వేయమని దుకాణంలో చెబుతారు. వద్దు. రోడ్డు మీద అవి చట్టానికి విరుద్ధం, ఎదుటివాడి కళ్లు పోతాయి, హోల్డర్ కరుగుతుంది, రిఫ్లెక్టర్ పాలిష్ మాడుతుంది. రిలే వేశాక మామూలు 60/55 వాట్ల బల్బే మీరు ఇన్నాళ్లూ చూడనంత వెలుగిస్తుంది. హాలోజన్ కోసం చేసిన పాత రిఫ్లెక్టర్‌లో ఎల్‌ఈడీ బల్బు పెట్టినా వెలుగు చెల్లాచెదురై ఎదుటివాళ్లకు గుచ్చుకుంటుంది.

7. మిగతావి. హారన్‌కు ఒక రిలే. చాలా బండ్లలో హారన్ బటన్ ఎర్త్‌ను కలుపుతుంది, కాబట్టి బటన్ వైరు 85కు వస్తుంది. ఇండికేటర్లలో ఎల్‌ఈడీలు పెడితే పాత ఫ్లాషర్ సరిగా కొట్టుకోదు, ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ వేయండి. హీటర్ ప్లగ్గులున్న ఇంజిన్‌లో (పాత ప్యూజో డీజిల్ లాంటివి) నాలుగు ప్లగ్గులూ కలిసి 40 ఆంపియర్లు దాటొచ్చు. వాటికి ఫ్యూజ్ బాక్సు నుంచి ఇవ్వకండి, విడిగా 10 స్క్వేర్ ఎంఎం లైను, దాని ఫ్యూజు, 70 ఆంపియర్ల రిలే వేయండి.

8. జాయింట్లు, వైరు దారి. సోల్డర్ చేయాలా, క్రింప్ చేయాలా అని అందరూ అడుగుతారు. జీపులో క్రింపే. సోల్డర్ వైరు పోగుల్లోకి ఎక్కి అక్కడ గట్టిపడుతుంది. అదురుకు సరిగ్గా ఆ గట్టి భాగం అయిపోయే చోట పోగులు తెగుతాయి. తొడుగు 6, 7 మిల్లీమీటర్లు మాత్రమే తీయండి. ఒక్క పోగు కూడా తెగకూడదు. టెర్మినల్‌లో పెట్టి నొక్కాక వైరును గట్టిగా లాగి చూడండి. ఊడి వస్తే వచ్చిందే మంచిదనుకుని కొత్త టెర్మినల్‌తో మళ్లీ చేయండి. పైన జిగురున్న హీట్ ష్రింక్ వేసి, రెండు చివర్లా జిగురు చుక్కలు బయటికి వచ్చేదాకా వేడి చేయండి. ఉత్త ఇన్సులేషన్ టేపు మన ఎండలకు ఒక వేసవి కూడా ఆగదు.

ఫైర్‌వాల్ రంధ్రంలో గ్రోమెట్ లేకుండా ఒక్క వైరు కూడా పోకూడదు. స్టీరింగ్ కాలమ్, క్లచ్ పెడల్, వైపర్ లింకేజీ కదిలే దారిలో వైరు వేలాడకూడదు. స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పి, పెడళ్లు అన్నీ తొక్కి చూడండి. జానెడుకో టై వేయండి. ఛాసిస్ నుంచి బాడీకి, ఇంజిన్ నుంచి ఛాసిస్‌కు దాటే చోట్ల మాత్రం కొంచెం వదులు ఉంచండి, లేకపోతే బండి వంగినప్పుడల్లా టెర్మినల్ మీద లాగుడు పడుతుంది. ప్రతి వైరుకు రెండు చివర్లా నంబర్ స్టిక్కర్ అంటించి, ఆ నంబర్ల పట్టిక ఒకటి రాసుకోండి.

9. మొదటిసారి కరెంటు ఇవ్వడం. బ్యాటరీ పాజిటివ్ బిగించండి. నెగెటివ్‌ను నేరుగా బిగించకుండా, నెగెటివ్ టెర్మినల్‌కూ నెగెటివ్ కేబుల్‌కూ మధ్య ఒక 21 వాట్ల ఇండికేటర్ బల్బు కలపండి. అన్ని స్విచ్‌లూ ఆఫ్‌లో ఉండగా బల్బు వెలగకూడదు. పూర్తి వెలుగుతో వెలిగిందంటే ఎక్కడో షార్ట్ ఉంది. ఫ్యూజులు ఒక్కొక్కటే తీయండి, ఏది తీసినప్పుడు ఆరితే తప్పు ఆ లైనులోనే. ఏ ఫ్యూజు తీసినా ఆరకపోతే ఆల్టర్నేటర్ లైను, సెల్ఫ్ కేబుల్ చూడండి. ఆల్టర్నేటర్ డయోడ్ పోయినా ఇలాగే వెలుగుతుంది. ఈ బల్బు ఉండగా షార్ట్ ఉన్నా వైరు కాలదు, అంత కరెంటును అది వెళ్లనివ్వదు. ఆరిపోయిందని నిర్ధారించుకున్నాకే బల్బు తీసి నెగెటివ్ బిగించండి. బల్బు ఉండగా సెల్ఫ్ కొట్టొద్దు.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

కంటితో కాదు, మీటర్‌తో. నాలుగు కొలతలు చాలు.

హెడ్‌లైట్ బ్రైట్ వేసి, మీటర్ ఒక కొనను బ్యాటరీ పాజిటివ్ మీద, రెండోది బల్బు బ్రైట్ పిన్ను మీద పెట్టండి. అర వోల్టు లోపే రావాలి, 0.3 వస్తే బాగా కుదిరినట్టు. తర్వాత బ్యాటరీ నెగెటివ్ నుంచి బల్బు ఎర్త్ పిన్నుకు చూడండి, 0.2 దాటకూడదు. దాటితే ఎర్త్ మళ్లీ గీకాల్సిందే.

స్టాప్ నాబ్ లాగి పట్టుకుని, గేరు న్యూట్రల్‌లో ఉందని చూసుకుని, పక్కన ఒకరితో సెల్ఫ్ కొట్టించండి. పది సెకన్లకు మించొద్దు. ఆ టైమ్‌లో బ్యాటరీ నెగెటివ్‌కూ ఇంజిన్ బ్లాక్‌కూ మధ్య 0.2 వోల్టుల లోపు, బ్యాటరీ పాజిటివ్‌కూ సెల్ఫ్ టెర్మినల్‌కూ మధ్య 0.5 లోపు ఉండాలి. బ్యాటరీ వోల్టేజీయే 9.6 కన్నా కిందికి పడిపోతోందంటే వైరింగ్ కాదు, బ్యాటరీనో సెల్ఫ్ మోటారో చూపించుకోండి.

హెడ్‌లైట్లు, వైపర్ అన్నీ వేసి ఇంజిన్ కాస్త రేజ్‌లో ఉంచి బ్యాటరీ దగ్గర చూడండి. 13.5 పైన నిలబడాలి. 15 దాటితే రెగ్యులేటర్ చెడిపోయింది, బ్యాటరీ ఉడికిపోతుంది.

చివరిది లీకేజీ. అన్నీ ఆపి, తాళం తీసి, నెగెటివ్ కేబుల్ విప్పి దాని మధ్యలో మీటర్‌ను 10 ఆంపియర్ల రేంజ్‌లో పెట్టండి. కంప్యూటర్, మ్యూజిక్ సిస్టమ్ లేని జీపులో దాదాపు సున్నా రావాలి. 50 మిల్లీ ఆంపియర్లు దాటితే వెతకండి. మీటర్ ఇలా పెట్టినప్పుడు పొరపాటున తాళం తిప్పి సెల్ఫ్ కొట్టారా, మీటర్ ఫ్యూజు పోయినట్టే.

ఆ తర్వాత హెడ్‌లైట్లు వేసి పది నిమిషాలు వదిలేసి, ప్రతి రిలే సాకెట్, ఫ్యూజ్ హోల్డర్, లగ్గు చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉండొచ్చు. వేలు పెట్టలేనంత వేడిగా ఉన్నది వదులు క్రింప్.

ఎక్కువగా కనిపించే తప్పులు

ఫ్యూజు పోతోందని పెద్దది పెట్టడం. 10 పోయిందని 20, అదీ పోతే 30, చివరికి సిగరెట్ ప్యాకెట్ రేకు. అప్పుడు ఫ్యూజు బదులు వైరే కాలుతుంది. ఫ్యూజు రెండోసారి పోయిందంటే మార్చడం ఆపి, షార్ట్ వెతకండి.

కొత్త వైరును పాత వైరుకు మధ్యలో ముడి వేసి కలపడం. పచ్చబడిన పాత రాగి ఇంకో అడుగు లోపలిదాకా అలాగే ఉంటుంది. వైరు మారిస్తే ఈ చివర నుంచి ఆ చివరి దాకా మార్చాలి.

బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్ మీద నేరుగా ఫాగ్ ల్యాంపు, యాంప్లిఫయర్, ఫోన్ చార్జర్ అంటూ ఏడెనిమిది వైర్లు గుచ్చేయడం. వాటిలో ఒక్కదానికి ఫ్యూజు లేకపోయినా మీరు వేసిన మిగతా ఫ్యూజులన్నీ దండగే.

బండి మీద వెల్డింగ్ చేయించేటప్పుడు బ్యాటరీ, ఆల్టర్నేటర్ విప్పకపోవడం కూడా ఇందులోదే. రోల్ కేజ్, బంపర్ పని ఉంటే అది ముందు పూర్తి చేయించి ఆ తర్వాతే వైరింగ్ మొదలుపెట్టండి.

అంత ఓపిక లేకపోతే

రెడీమేడ్ వైరింగ్ సెట్ దొరికితే తీసుకోవచ్చు. కానీ అందులో చాలావాటికి రిలేలు ఉండవు, అమ్మీటర్ పద్ధతి అలాగే ఉంటుంది. సెట్ వేసి, పైన 4, 6 అంచెల్లో చెప్పినవి కలుపుకోండి. బడ్జెట్ లేకపోతే ఈ నెల 3, 4, 5 అంచెలు, వచ్చే నెల 6. మిగతావి నెమ్మదిగా.

ఆటో ఎలక్ట్రీషియన్‌కు అప్పజెబితే వైరు, ఫ్యూజ్ బాక్సు, రిలేలు మీరే కొనిచ్చి, మూడు మాటలు ముందే చెప్పండి: ముళ్లు వద్దు, ప్రతి లైనుకు ఫ్యూజు ఉండాలి, ఎర్త్‌ల దగ్గర పెయింటు గీకాలి. పని అయ్యాక డబ్బులిచ్చే ముందు పై నాలుగు కొలతలు అతని ముందే తీయండి. మంచి పనివాడు అభ్యంతరం చెప్పడు.

అదనపు లైట్లు, వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు) ఇప్పుడు పెట్టుకోవచ్చు. లైట్ బార్‌కు సొంత రిలే, సొంత ఫ్యూజు, సొంత ఎర్త్. ట్రాక్ మీద వాడండి, రోడ్డు మీద వద్దు. వించ్ కేబుళ్లు నేరుగా బ్యాటరీకి, మధ్యలో దాని కట్‌ఆఫ్. వించ్‌ను ఛాసిస్ ఎర్త్ మీద నడపొద్దు, దాని నెగెటివ్ కూడా బ్యాటరీకే రావాలి.

రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు దాటి ఆర్టీఏలో రెన్యువల్‌కు వెళ్లే బండి అయితే వెళ్లే ముందు రోజు రాత్రి లైట్లు, ఇండికేటర్లు, బ్రేక్ లైటు, నంబర్ ప్లేట్ లైటు, హారన్, వైపర్ ఒక్కొక్కటీ వేసి చూసుకోండి. పని అయిన నెలకు, లేదా మొదటి ఆఫ్‌రోడ్ ట్రిప్ తర్వాత, ఎర్త్ బోల్టులు, బ్యాటరీ టెర్మినళ్లు మరోసారి బిగించండి. రాగి లగ్గులు మొదటి కొన్ని వారాల్లో కాస్త సర్దుకుని వదులవుతాయి. మొదటి వాన తర్వాత ఫ్యూజ్ బాక్సు మూత తీసి, లోపల తడి ఉందేమో వేలితో తాకి చూడండి.